సగం ధరకే వస్తోందన్న షేరు

(అనంతపురంలో చిన్న మదుపరుల సమావేశంలో గ్రామీణ బ్యాంకు నుంచి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. సభలో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే.

నన్ను పిలిచిన రోజే ఒక మాట చెప్పినాను. ఫలానా షేరు కొనండి, ఫలానాది అమ్మండి అని చెప్పను. నేను షేర్ల మార్కెట్టును నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుణ్ణి కాను. నాకు తెలిసింది అప్పులిచ్చే పని, అంతకన్నా ఎక్కువగా వసూలు చేసే పని. మీరందరూ అడుగుతున్న షేరు కూడా అప్పులిచ్చే కంపెనీదే. ఆ కంపెనీ లెక్కలను లోపలి మనిషి ఎట్లా చదువుతాడో అది మాత్రం చెప్పగలను.

మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న లెక్క నాకూ పంపించినారు. చిన్న ఫైనాన్స్ కంపెనీ, నష్టాల్లో ఉంది. ఒక్కో షేరుకు పుస్తక విలువ, అంటే కంపెనీ ఆస్తుల్లో నుంచి బాకీలు తీసేస్తే లెక్కల ప్రకారం షేరుకు మిగిలేది, వంద రూపాయలు. మార్కెట్లో యాభైకి దొరుకుతోంది. కింద ఎవరో రాసినారు, "వంద రూపాయల సరుకు యాభైకి వస్తా ఉంటే వదులుకుంటామా?" అని. ఇదే మాట తాడిపత్రి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ గురించి అని ఉంటే కూర్చొని వినేవాణ్ణి. భూమి ఉంది, గని ఉంది, యంత్రాలు ఉన్నాయి, బస్సెక్కి పోయి చూసి రావచ్చు. అప్పులిచ్చే కంపెనీకి ఆస్తి ఏముంది? ఎవరో వేలమంది తిరిగి కడతామని సంతకం పెట్టిన కాగితాలు. ఆ కాగితాలు కూడా కంపెనీ సొంత డబ్బుతో సంపాదించినవి కావు. బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి ఇచ్చిన అప్పులు.

ఒక లెక్క వేసుకుందాం. ఇది ఏ కంపెనీదీ కాదు, గుండ్రటి అంకెలతో నేను కల్పించింది. జనానికి ఇచ్చిన అప్పులు 1,000 కోట్లు. అందులో 800 కోట్లు బ్యాంకుల దగ్గర తెచ్చింది, 200 కోట్లు షేర్‌హోల్డర్ల సొమ్ము. షేర్లు 2 కోట్లు. అంటే షేరుకు వంద. ఇప్పుడు ఇచ్చిన అప్పుల్లో నూటికి పది రూపాయలు రాకుండా పోయాయనుకోండి. 100 కోట్లు. బ్యాంకుల 800 కోట్లలో పైసా తగ్గదు, వాళ్ళకు మొత్తం కట్టాల్సిందే. ఆ వంద కోట్లూ మన 200లో నుంచే పోతాయి. అప్పుల్లో పదో వంతు పోతే షేర్‌హోల్డరుకు సగం పోయినట్టు. సిమెంటు కంపెనీలో ఒక యంత్రం చెడిపోతే ఇంత దెబ్బ తగలదు.

అందుకే పుస్తక విలువ వంద అని చూసినప్పుడు నేను మొదట అడిగేది, ఆ పుస్తకం ఎవరు రాసినారు, ఏ రోజు వరకు రాసినారు అని.

మన జిల్లా వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పంట రుణం రెన్యూవల్ ఎట్లా జరుగుతుందో మీకు తెలియదా? వేరుశనగ ఎండిపోయింది, కట్టడానికి చేతిలో ఏమీ లేదు. గడువు దగ్గరకు వస్తుంది. బ్యాంకు బయట ఒకాయన ఉంటాడు. ఒక్క రోజుకు డబ్బు సర్దుతాడు, నూటికి ఇంత అని తీసుకుంటాడు. పొద్దున రైతు బాకీ మొత్తం కడతాడు, మర్నాడు కొత్త లోను వస్తుంది, అది పోయి ఆయన చేతిలో పడుతుంది. బ్యాంకు పుస్తకంలో మాత్రం రైతు గడువులోపల అణా పైసలతో తీర్చిన మంచి ఖాతాదారు. చేలో చూస్తే కట్టలేని మనిషి. రెండూ నిజమే. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉందో తెలుసుకోవడమే అప్పులిచ్చే కంపెనీ షేరు కొనేవాడి పని.

ఆడవాళ్ళ సంఘాల మీద ఇచ్చే చిన్న అప్పుల్లోనూ, మైక్రోఫైనాన్స్ అంటారే, ఇదే నడిచింది. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీలో తీసుకోవడం, అది కట్టడానికి మూడోదాంట్లో తీసుకోవడం. అన్ని కంపెనీల పుస్తకాల్లోనూ వసూళ్ళు నూటికి తొంభై తొమ్మిది. 2024లో సూక్ష్మ రుణ సంస్థల సంఘం ఎంఫిన్ ఒక నియమం పెట్టింది. ఒక మనిషికి నాలుగు సంస్థలకు మించి అప్పు ఇవ్వకూడదు, మొత్తం 2 లక్షలు దాటకూడదు అని. తర్వాత నాలుగును మూడు చేసింది. నియమం మంచిదే. కానీ ఆ గొలుసులో చివరి అప్పు ఆగిపోయేసరికి అప్పటిదాకా కడుతున్నట్టు కనిపించినవాళ్ళు కట్టడం ఆపేశారు. వాళ్ళ బతుకు ఒక్కరోజులో పాడవలేదు. ఎప్పటినుంచో అట్లే ఉంది, పుస్తకంలోకి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

(సభలో ఒకరు: ఎన్‌పీఏ శాతం చూస్తే తెలియదా సార్?)

మొండి బాకీల శాతమే గదా, తెలుస్తుంది, ఆలస్యంగా. కంతు తప్పి 90 రోజులు దాటితేనే ఎన్‌పీఏ. మూడు నెలల కిందట ఆగిపోయిన మనిషి ఈ రోజు ఆ లెక్కలోకి వస్తాడు. పైగా అది శాతం. పైన చెడ్డ అప్పు, కింద మొత్తం అప్పు. కొత్త అప్పులు విపరీతంగా ఇస్తూ పోతే కింది అంకె పెరిగి శాతం తగ్గుతుంది. కొత్త అప్పు మొదటి మూడు నెలల్లో ఎన్‌పీఏ కాలేదు గదా! ఇంకొకటి, రైటాఫ్. బాకీని పుస్తకంలో నుంచి కొట్టేస్తే ఎన్‌పీఏ రాత్రికి రాత్రి తగ్గుతుంది. "మా ఎన్‌పీఏ ఆరు నుంచి నాలుగుకు తగ్గింది" అని ఎండీ గారు టీవీలో చెప్తే, ఈ మూడు నెలల్లో ఎంత రైటాఫ్ చేశారో చూసి దాన్ని మళ్ళీ కలుపుకోండి. ఆ అంకె పైకి ఎంత పిండివంటలా కనిపించినా అప్పుడు అసలు రుచి తెలుస్తుంది. (నవ్వులు)

నేనైతే ఫలితాలు వచ్చిన రోజు లాభనష్టాల పేజీ పక్కన పెట్టి స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అని ఉండే పట్టిక వెతుకుతాను. స్టేజ్ 3 అంటే ఇప్పటికే చెడినవి, అందరూ దాని గురించే మాట్లాడతారు. నాకు కావలసింది స్టేజ్ 2. కంతు తప్పి నెల దాటింది, మూడు నెలలు ఇంకా కాలేదు. వచ్చే మూడు నెలల్లో చెడబోయేవాళ్ళు చాలావరకు అక్కడే నిలబడి ఉన్నారు. వసూళ్ళ శాతం అని ఇంకో అంకె వేస్తారు. అందులో పాత బకాయిల వసూళ్ళు, ముందస్తుగా మూసిన లోన్ల డబ్బు కలిపారో లేదో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాటిని కలిపితే నూటికి నూటొకటి కూడా చూపించవచ్చు. ఈ నెల కట్టాల్సినవాళ్ళలో ఈ నెలే ఎంతమంది కట్టారన్నది ఒక్కటే నాకు పనికొచ్చే అంకె.

మన లెక్కకు వద్దాం. ఆ కంపెనీకి స్టేజ్ 3లో 80 కోట్లు ఉన్నాయి, అందులో 30 కోట్లు నష్టం కింద ఇప్పటికే పక్కన పెట్టింది. మిగిలిన 50లో పది వస్తుంది, నలభై రాదు. తాకట్టు లేని అప్పు, ఆమాత్రం వస్తే ఎక్కువే. స్టేజ్ 2లో 90 కోట్లు ఉన్నాయి. అందులో 60 జారిపోతే 50 పోతుంది. మొత్తం 90 కోట్లు. మన 200 కోట్లు 110 అయ్యాయి. షేరుకు 55. అంటే యాభైకి కొన్నవాడు సగం ధరకు కొనలేదు, ఇంచుమించు పూర్తి ధరే ఇచ్చినాడు.

ఇక్కడితో ఆగే వ్యవహారమైతే ఫరవాలేదు. ఆగదు. ఎన్‌బీఎఫ్‌సీ అంటే ఇట్లాంటి బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ. దాని దగ్గర ఇచ్చిన అప్పుల్లో ఇంచుమించు నూటికి పదిహేను రూపాయల సొంత మూలధనం ఉండాలన్నది నియమం. ఇప్పుడు 910 కోట్ల అప్పులకు 110 కోట్లు ఉన్నాయి, నూటికి పన్నెండు. ఆ 110లో కూడా డిఫర్డ్ టాక్స్ అసెట్ అని ఒకటి కూర్చొని ఉండవచ్చు. ముందు ముందు లాభాలొస్తే అప్పుడు పన్ను తగ్గుతుందని రాసుకున్న ఆస్తి అది. లాభాలు రావన్న అనుమానం ఉన్న కంపెనీకి ఆ ఆస్తి విలువ ఎంతో మీరే అనుకోండి. మూలధనం లెక్క కట్టేటప్పుడు ఆర్‌బీఐ దాన్ని తీసేస్తుంది. సరే, దాన్ని వదిలేసినా కనీసం 27 కోట్లు కావాలి. కనీసానికి ఎవరూ తెచ్చుకోరు, బ్యాంకులు ఒప్పుకోవు. 60 కోట్లు కావాలి.

ఆ 60 కోట్లు యాడ నుంచి వస్తాయి? ఎవరిస్తారు? ఎంత ధరకిస్తారు? ఈ రోజు మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీరు పుస్తక విలువ చుట్టూ తిరుగుతున్నారు. నిలదొక్కుకోలేని అప్పుల కంపెనీలో తర్వాతి డబ్బు ఎవరి దగ్గరి నుంచి వస్తుంది అన్నదే మీ షేరు ధర తేలుస్తుంది.

రైట్స్ ఇష్యూ వేసింది అనుకుందాం, అంటే ఉన్న షేర్‌హోల్డర్లకే వాళ్ళ వాటా ప్రకారం కొత్త షేర్లు అమ్మడం, షేరు 25 రూపాయలకు. 60 కోట్లకు 2 కోట్ల 40 లక్షల కొత్త షేర్లు. ఐదు పాత షేర్లున్నవాడికి ఆరు కొత్తవి. మీ దగ్గర వంద షేర్లు ఉన్నాయి, 5,000 పెట్టి కొన్నారు. ఇప్పుడు 120 షేర్లకు ఇంకో 3,000 కట్టాలి. కట్టినారు. మొత్తం 8,000 పెట్టి 220 షేర్లు. కంపెనీ సొమ్ము 170 కోట్లు, షేర్లు 4 కోట్ల 40 లక్షలు, షేరుకు 38 రూపాయల 60 పైసల చిల్లర. మీ 220 షేర్ల పుస్తక విలువ 8,500. ఎనిమిది వేలు పెట్టి ఎనిమిదిన్నర వేల సరుకు తెచ్చుకున్నారు. సగం ధర ఎక్కడ పోయింది?

రెండో దఫా డబ్బు లేక కట్టలేకపోయారనుకోండి. మీ వంద షేర్ల పుస్తక విలువ 3,860 అవుతుంది, పెట్టింది 5,000. కాబట్టి యాభై రూపాయల షేరు కొంటున్నాం అనుకోవద్దు. యాభై ఇచ్చి, ఎప్పుడో తెలియని రోజు ఇంకో ముప్పై కట్టాల్సిన పని నెత్తిన పెట్టుకుంటున్నాం. ఎనభై లెక్క వేసుకొని కొనేవాడికి నేనేమీ చెప్పను. పిల్ల పెళ్ళికి దాచిన డబ్బు మొత్తం యాభైల్లోనే పెట్టేసిన వాడికి చెప్పాలి.

(ఒక మహిళ: ప్రమోటరు పెద్దమనిషే గదా సార్, ఆయనే పెడతాడేమో?)

పెట్టనీ అమ్మా, పెట్టినాక చూద్దాం. ప్రమోటరు, అంటే కంపెనీ పెట్టి నడిపే యజమాని, షేర్లలో ఎంత తాకట్టులో ఉందో స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో ఉంటుంది. సగానికి పైగా తాకట్టు పెట్టిన మనిషి దగ్గర కొత్త డబ్బు ఉందని నేననుకోను. వెనక గట్టి మదుపరి నిలబడితే కథ వేరేగా ఉంటుంది. 2024 మార్చిలో ఐఐఎఫ్ఎల్ ఫైనాన్స్‌ను కొత్తగా బంగారు రుణాలు ఇవ్వద్దని ఆర్‌బీఐ ఆపింది. సెప్టెంబరులో ఆ ఆంక్ష ఎత్తేసింది. ఆ మధ్యలోనే కంపెనీ షేరు 300 చొప్పున రైట్స్ ఇష్యూ చేసి డబ్బు తెచ్చుకుంది, ఫెయిర్‌ఫ్యాక్స్ లాంటి పెద్ద మదుపరి వెనక ఉన్నాడు. పైగా అప్పుల వెనక బంగారం ఉంది, లాకర్లో తూకం వేసి చూసుకోవచ్చు. సంఘాల అప్పుల కంపెనీకి ఆ బంగారం లేదు.

చరిత్రలో ఒక్క ఉదాహరణ కొంచెం వివరంగా చెప్తాను, మన రాష్ట్రంలో జరిగింది కాబట్టి. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్. 2010 ఆగస్టులో షేరు 985 ధరకు ఇష్యూకు వచ్చి లిస్టయింది. జనం ఎగబడ్డారు. అక్టోబరులో ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూళ్ళు వద్దు, నెలకొకసారే. జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి. ఆంధ్రలో వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. మనిషి కట్టగలిగినా పక్కింటివాళ్ళు కట్టనప్పుడు తనెందుకు కడతాడు? రెండేళ్ళకు ఆ షేరు వంద దిగువకు వచ్చింది. 2012లో కంపెనీ సంస్థాగత మదుపరులకు కొత్త షేర్లు అమ్మి నిలదొక్కుకుంది. ధర 75 రూపాయల చుట్టుపక్కల.

తర్వాత ఆంధ్ర బయట వ్యాపారం పెంచుకుంది, 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకుంది, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసింది. వెయ్యి షేర్లకు 639 ఇండస్‌ఇండ్ షేర్లు. 985కి కొన్నవాడికి తొమ్మిదేళ్ళకు ఇంచుమించు పెట్టిన డబ్బు తిరిగొచ్చింది, వడ్డీ లేకుండా. మధ్యలో 400కి "సగానికి పైగా పడింది" అని కొన్నవాడు కూడా ఏళ్ళ తరబడి నష్టంలో కూర్చున్నాడు. కొత్త మూలధనం వచ్చిన రోజున, ఆ ధర దగ్గర కొన్నవాడికి మాత్రం పదింతలు పైన అయింది. అదే కంపెనీ, అదే అప్పులు, ముగ్గురికి మూడు ఫలితాలు.

నా పద్ధతి దీన్నుంచే వచ్చింది. కొత్త డబ్బు వచ్చేదాకా ఆగుతాను. వచ్చాక ధర కొంత పెరుగుతుంది, అది పోతే పోనీ. ఎవరు పెట్టారు, ఎంతకు పెట్టారు, ఇంకెంత కావాలి అన్నది కళ్ళకు కనిపించాక కొనడానికి ఆ నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వచ్చు. ఒప్పుకోనివాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు.

కొత్త డబ్బు అసలు రాకపోతే? హైదరాబాదులో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండాలి. 2004 జులైలో మారటోరియం, అంటే డబ్బు తీసుకోవడం మీద ఆంక్ష, ఆగస్టుకల్లా ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం. డిపాజిటర్ల డబ్బు దక్కింది, షేర్‌హోల్డర్లకు ఏమీ రాలేదు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు. 17న మారటోరియం, 27న డీబీఎస్‌లో కలిసిపోయింది, షేర్లు సున్నా. పది రోజుల వ్యవధి. అదే సంవత్సరం మార్చిలో మునగబోతున్న యెస్ బ్యాంకు షేర్లను స్టేట్ బ్యాంకు ఒక్కోటి పది రూపాయలకు తీసుకుంది. పాత షేర్‌హోల్డర్లు మిగిలారు గానీ వందకు మించి షేర్లున్నవాళ్ళ వాటాలో నాలుగింట మూడు వంతులు మూడేళ్ళు అమ్ముకోనివ్వలేదు. వీటిల్లో దేనిలోనూ చిన్న మదుపరిని ఎవరూ అడిగింది లేదు.

డీహెచ్‌ఎఫ్ఎల్ అని ఇళ్ళ రుణాల కంపెనీ ఉండేది, దివాలా తీసింది. దాని సంగతి చెప్తే మీరు నమ్మరు. 2021 జూన్ 7న దాన్ని కొనడానికి పిరమల్ గ్రూపు ఇచ్చిన ప్లానుకు దివాలా కేసులు చూసే ముంబై ఎన్‌సీఎల్‌టీ ఆమోదం ఇచ్చింది. ఆ ప్లానులో షేర్ల విలువ సున్నా. అది తెలిసినాక కూడా ఒకటి రెండు రోజులు షేరు అప్పర్ సర్క్యూట్ కొట్టింది, అంటే ఆ రోజుకు పెరగనిచ్చే హద్దుదాకా పెరిగింది. "పెద్ద కంపెనీ కొనింది, ఇక పెరుగుతుంది" అని జనం ఎగబడి కొన్నారు. కంపెనీని కొన్నది నిజమే. కొన్నది అప్పులిచ్చినవాళ్ళ దగ్గర, షేర్‌హోల్డర్ల దగ్గర కాదు.

మన పక్కనే కర్ణాటక ఉంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ ప్రభుత్వం చిన్న అప్పుల వసూళ్ళలో బలవంతాల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన సంస్థలకు వర్తించదని అందులోనే ఉంది. అయినా హిందూపురం దాటి పావగడ వైపు పోతే, అప్పు తీసుకున్న ఆవిడ ఆ మినహాయింపు చదివిందా? కట్టనక్కర్లేదట అని విన్నది. మీరు చూసే కంపెనీ ఏ రాష్ట్రంలో ఎంత అప్పు ఇచ్చిందో సాధారణంగా వార్షిక నివేదికలో ఉంటుంది. ఒకే రాష్ట్రంలో నూటికి నలభై పెట్టిన కంపెనీ షేరు కొంటే ఆ రాష్ట్ర రాజకీయం మీద కూడా పందెం కాసినట్టే. ఇది 2010లో మన దగ్గర తేలిపోయిన విషయం.

ఆడిటరు మధ్యలో రాజీనామా చేశాడా, రేటింగు తగ్గిందా అని అందరూ చూస్తారు, చూడండి. నేను అదనంగా చూసేది లెక్కల కింది నోట్సులో కోవినెంట్లు తప్పాయా అని. బ్యాంకులు అప్పిచ్చేటప్పుడు ఎన్‌పీఏ ఇంత దాటకూడదు, నష్టం రాకూడదు అని షరతులు రాయించుకుంటాయి. తప్పితే బాకీ మొత్తం ఇప్పుడే కట్టు అని అడగవచ్చు. సాధారణంగా అడగరు, షరతు తప్పినా ఈసారికి వదిలేస్తున్నామని లేఖ ఇస్తారు. ఆ లేఖలు అన్ని బ్యాంకులూ ఇచ్చాయా, కొన్నే ఇచ్చాయా అన్నది ఆ నోట్సులో ఒక్క వాక్యంలో ఉంటుంది. రేటింగు ఏజెన్సీలు రాసే కారణాల కాగితం ఉచితంగా దొరుకుతుంది, నాలుగైదు పేజీలే. బ్రోకరు పంపే టార్గెట్ ధర కంటే అది చదవడం మేలు.

(సభలో ఒకరు: అదే కంపెనీలో మా నాయనకు ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది సార్. అదన్నా భద్రమేనా?)

బ్యాంకో, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకో అయితే 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. ఎన్‌బీఎఫ్‌సీ డిపాజిట్‌కు ఆ బీమా లేదు. రసీదు మీద కంపెనీ పేరు పూర్తిగా చదవండి. పేరులో ఫైనాన్స్ ఉన్నంత మాత్రాన బ్యాంకు కాదు. ఒకే కంపెనీలో షేరూ డిపాజిట్టూ రెండూ ఉంటే ముందు నాయన సంగతి చూడు తమ్ముడూ, షేరు సంగతి తర్వాత.

(ఇంకొకరు: నా దగ్గర ఇప్పటికే ఉన్నాయి. రైట్స్ ఇష్యూ వచ్చింది. కట్టడానికి డబ్బు లేదు. ఏం చెయ్యాలప్పా?)

మీ డీమాట్ ఖాతాలో ఆర్‌ఈ అని కొత్త పేరుతో కొన్ని వచ్చి ఉంటాయి. రైట్స్ ఎంటైటిల్‌మెంట్లు. వాటిని షేర్ల మాదిరే మార్కెట్లో అమ్ముకోవచ్చు. ఇష్యూ ధరకు, మార్కెట్ ధరకు తేడా ఉన్నంతవరకు వాటికి ఎంతో కొంత ధర ఉంటుంది. మీ వాటా తగ్గినందుకు అదొక్కటే మీకు చేతికొచ్చే పరిహారం. కట్టకుండా, అమ్మకుండా వదిలేస్తే లాప్స్ అవుతాయి, పైసా రాదు. చాలామంది అవి ఏమిటో తెలియక వదిలేస్తారు. ఇంకో సంగతి, వాటి ట్రేడింగు ఇష్యూ ముగిసే రోజుకంటే కొద్ది రోజులు ముందే ఆగిపోతుంది. చివరి తేదీ చూసుకొని ఆ రోజు అమ్ముదాంలే అనుకుంటే దొరకదు. కట్టదలచుకున్నవాళ్ళు కూడా పాతిక రూపాయలకు వస్తోంది గదా అని కట్టద్దు, ఇందాకటి స్టేజ్ 2 పట్టిక ఇంకోసారి చూసి కట్టండి. మీది ఏ తేదీకి ముగుస్తుందో ఫోనులో ఉంటుంది, ఇప్పుడే తీసి చూడండి. ఇంకెవరైనా అడిగేది ఉంటే మైకు అటు ఇవ్వండి.